ఆ పెనాల్టీ వెనక ఉన్నది మేమిద్దరమే

నా చిన్నప్పుడు తెనాలిలో ఫుట్‌బాల్ చూడడానికి వెళ్ళేవాళ్ళు సగం ఆట అవగానే లేచి నడవడానికి కూడా సిద్ధపడి వెళ్ళేవాళ్ళు. మా ఊరివాళ్ళు గ్రౌండు పక్కన కూర్చునేవాళ్ళు కాదు, మా గోల్‌కీపర్ వెనక కూర్చునేవాళ్ళు. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి కాబట్టి కీపరు అవతలి చివరికి వెళ్ళిపోతాడు. అప్పుడు జనమంతా లేచి, కింద పరుచుకున్న తువ్వాళ్ళు దులుపుకొని, వేరుశెనక్కాయల పొట్లాలు చేత్తో పట్టుకొని, అతని వెనకే నడుచుకుంటూ ఆ చివరికి చేరేవాళ్ళు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. మమ్మల్ని చూసి బాపట్ల వాళ్ళూ రేపల్లె వాళ్ళూ కూడా అదే నేర్చుకున్నారు. కీపరు వెనక ఊరుంటుందని మావాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఆ కీపరు మా బాబాయి. మా నాన్నకి సొంత తమ్ముడు. పగలంతా బస్టాండు దగ్గర ఆటో నడిపేవాడు, సాయంత్రం గ్రౌండుకి వచ్చి గోలుపోస్టు కింద నిలబడేవాడు. పొడుగ్గా, కాస్త వంగినట్టు ఉండేవాడు. బంతి ఆపిన ప్రతిసారీ ఒక్క క్షణం వెనక్కి తిరిగి జనాన్ని చూసి నవ్వేవాడు. ఆ నవ్వు కోసం పిల్లలం ముందు వరసలో చోటు కోసం కొట్టుకునేవాళ్ళం. మావాళ్ళు ఆయన్ని గోడ అని పిలిచేవాళ్ళు. మార్కెట్‌లో కూరగాయలు అమ్మే అమ్మలు కూడా గోడ అన్నకూతురివా అని నన్ను బుగ్గ గిల్లి పంపేవాళ్ళు. పొగిడేటప్పుడు మా ఊరివాళ్ళని మించినవాళ్ళు లేరు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఫైనలు రేపల్లె జట్టుతో పడింది. సరిగ్గా దానికి కొన్నాళ్ళ ముందే బాబాయికి రేపల్లె అమ్మాయితో పెళ్ళి కుదిరి, ప్రధానం కూడా జరిగిపోయింది. ఇంకేముంది, మా ఊరి నోళ్ళకి పని దొరికింది. మా వీధి మొదట్లో పాన్ షాపు ఒకటి ఉండేది. దాని ముందు రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే ఎర్ర ఫోను డబ్బా వేలాడుతుండేది కాబట్టి అక్కడ ఎప్పుడూ జనమే. ఆ షాపు ఆయన్ని మేం పెదనాన్న అనేవాళ్ళం. జట్టుకి వీరాభిమానిని అని తనకి తనే బిరుదిచ్చుకున్న మనిషి. ఆయనే మొదలుపెట్టాడు, అల్లుడుగారు అత్తారూరివాళ్ళు కొట్టే గోల్ ఆపుతాడా, మామగారికి కోపం రాదూ అని. బాబాయి కూడా నవ్వి, మీరే చూద్దురుగానిలెండి అనేవాడు. వేళాకోళమే కదా అనుకున్నాం అందరం. వేళాకోళానికి కూడా పళ్ళుంటాయని నాకు ఆ రోజుదాకా తెలియదు.

ఆ రోజు నేను మా పక్కింటి టీచరమ్మ గారిని కూడా లాక్కెళ్ళాను. ఆవిడ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా వీధిలో సగం మంది మగాళ్ళు ఆవిడ ముందు గుంజీలు తీసినవాళ్ళే, బాబాయితో సహా. ఆవిడకి ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఇంతమంది ఒక్క బంతి కోసం ఎందుకు పరిగెడతారు, తలా ఒకటి కొనిస్తే పోదా అనే రకం. కానీ బాబాయి స్వయంగా వచ్చి, పెళ్ళికి ముందు ఇదే ఆఖరి ఫైనల్ అండి, ఒక్కసారి వచ్చి చూడండి అని అడిగేసరికి కాదనలేకపోయింది. కింద కూర్చుంటే మోకాళ్ళు లేవనివ్వవు కాబట్టి ప్లాస్టిక్ స్టూలు నాకిచ్చి, తన నల్ల గొడుగు తాను పట్టుకొని వచ్చింది. మా నాన్న మాకంటే ముందే వెళ్ళి పాన్ షాపు పెదనాన్న పక్కన కూర్చున్నాడు.

మొదటి సగంలో బాబాయి నిలబడింది నిద్రగన్నేరు చెట్లున్న వైపు. మేమంతా ఆ నీడలో ఆయన వెనక హాయిగా కూర్చున్నాం. చాలాసేపు బాగానే జరిగింది. తర్వాత రేపల్లె కుర్రాడొకడు దూరం నుంచి నేలబారుగా ఒక బంతి కొట్టాడు. మామూలుగా అయితే బాబాయి దాన్ని పిల్లిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. కానీ అంతకుముందు ఏదో మీటింగు పెట్టి, షామియానా గుంజ పాతిన గుంట సరిగ్గా పూడ్చకుండా వదిలేశారు. బంతి దాని అంచుకి తగిలి, వంగి ఉన్న బాబాయి భుజం మీదుగా ఎగిరి గోల్లో పడింది. ఆ గుంట సంగతి అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వచ్చేటప్పుడు అందులో కాలు పెట్టి తూలినవాళ్ళే సగం మంది.

ముందు పెదనాన్న గొంతు వినిపించింది. "సారె పంపాడ్రా అత్తారింటికి," అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇంకెవరో అమ్ముడుపోయాడన్నారు. ఇంకొకడు పెళ్ళికూతురి గురించి, ఇక్కడ రాయడానికి వీల్లేని మాట అన్నాడు. వేరుశెనక్కాయల తొక్కలు విసిరారు. ఆ తర్వాత మట్టిబెడ్డ ఒకటి వెళ్ళి బాబాయి వీపుకి తగిలింది. ఆయన తిరిగి చూడలేదు. ఎదురుగా ఉన్న శత్రువులు కొట్టిన బంతిని చేతులతో ఆపవచ్చు, వెనక నుంచి సొంతవాళ్ళు విసిరేదాన్ని ఏం చేస్తాడు? నేను మా నాన్న వైపు చూశాను. ఆయన చెప్పు కింద ఏదో ఉన్నట్టు కిందకి చూస్తున్నాడు.

విరామమైంది. బాబాయి తువ్వాలు భుజాన వేసుకొని అవతలి గోలుపోస్టు వైపు నడిచాడు. అటు నీడ లేదు, గోలు వెనక కాలవ గట్టు ఉంటుంది, దాని మీద తుమ్మముళ్ళు. అయినా ఎప్పుడూ మావాళ్ళు ఆ గట్టు మీద కిక్కిరిసి కూర్చునేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఎవరూ లేవలేదు. అలవాటు కొద్దీ ఒకరిద్దరు లేవబోయి, పక్కవాళ్ళ మొహాలు చూసి మళ్ళీ కూలబడ్డారు. పెదనాన్న తీర్పు చెప్పేశాడు. "మనవాళ్ళు ఇప్పుడు గోలెయ్యాల్సింది ఇటే. ఇక్కడే కూర్చుందాం. వాడి వెనక ఎవడూ పోవక్కర్లేదు."

ఈలోగా రేపల్లె జనం తమ కీపరు వెనక కూర్చోవడానికి పద్ధతి ప్రకారం ఇటు నడిచి వచ్చారు. వచ్చి చూస్తే చోటు లేదు. జరగండి జరగండి అంటూ ఇరుక్కున్నారు. రెండు ఊళ్ళ జనమూ ఒకే గోలుపోస్టు వెనక చేరారు. అవతల అంత పెద్ద గట్టు, దాని ముందు మా బాబాయి ఒక్కడు. ఆటగాళ్ళు నీళ్ళు తాగుతున్నంతసేపూ ఆయన గోలుపోస్టు పట్టుకొని మా వైపే చూశాడు. వస్తామనే అనుకున్నాడు పాపం.

టీచరమ్మ గారు అటూ ఇటూ చూసి, "ఏంటి, ఇంకా లేవరేంటి? అబ్బాయి అటు వెళ్ళిపోయాడుగా," అని అడిగింది.

"ఈసారి మారటంలేదండి టీచరమ్మ గారూ. ఇక్కడ నీడగా ఉంది, మీరూ కూర్చోండి," అన్నాడు పెదనాన్న మర్యాదగానే.

ఆవిడ లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "స్టూలు తియ్యమ్మా," అంది నాతో. నాకు భయం వేసింది. అంతమంది చూస్తుండగా గ్రౌండు పొడుగునా నడవాలి. మా నాన్న నా చెయ్యి పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకోలేదు, వద్దనీ అనలేదు, తానూ లేవలేదు. ఆ ఊళ్ళో, ఆ వీధిలో, ఆ మనుషుల మధ్యే రేపు తెల్లారి బతకాలన్నది ఆయన లెక్క. ఆ లెక్క నాకు ఈ వయసుకి అర్థమైంది. నచ్చడం మాత్రం ఇప్పటికీ నచ్చలేదు.

టీచరమ్మ గారి నడక అసలే నెమ్మది. వెనక నుంచి ఈలలు వేశారు. ఆవిడ ఏ మాత్రం తొందరపడలేదు, వీధిలో పాలకి వెళ్ళినట్టే నడిచింది. గట్టు ఎక్కడానికి తూము పక్కన సన్నటి దారి ఒక్కటే ఉంది. నేను ముందెక్కి చెయ్యి అందించాను. స్టూలు వేస్తే ఒక కాలు మట్టిలో దిగబడింది, కింద పలకరాయి పెట్టాను. ఆవిడ కూర్చొని ఊపిరి తీసుకొని, "భయం లేదురా అబ్బాయ్, ఆ గుంట ఈ వైపు లేదులే," అని కేకేసింది. బాబాయి భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో నాకు వెనక నుంచి తెలియలేదు.

అప్పుడే ఇంకొకటి జరిగింది. రేపల్లె జనంలోంచి తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన లేచి గ్రౌండు పక్కనుంచి మా వైపు రావడం మొదలుపెట్టాడు. ఆయన బాబాయికి కాబోయే మామగారు. కాబోయే అల్లుడు ఒంటరిగా ఉండడం చూడలేక వస్తున్నాడని పిల్లనైనా నాకు తెలుస్తూనే ఉంది. టీచరమ్మ గారు మాత్రం చెయ్యెత్తి, రావద్దు రావద్దు అన్నట్టు ఊపింది. ఆయన వచ్చి ఆ గట్టు మీద కూర్చున్నాడంటే, చూశారా మామా అల్లుళ్ళు ఒకటే అని ఊరు ముద్ర వేసేస్తుంది. ఆయనకీ అర్థమైనట్టుంది. మధ్యలోనే ఆగి, అక్కడే ఎండలో ఆట అయ్యేదాకా ఒంటరిగా నిలబడ్డాడు.

ఆ సగంలో మా బాబాయి ఆడినట్టు ఇంకెవరూ ఆడగా నేను చూడలేదు. కాళ్ళతో ఆపాడు, పొట్టతో ఆపాడు, ఒకసారి మొహంతో ఆపాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నవ్వలేదు. చివర్లో మావాడొకడి చేతికి బంతి తగిలి రేపల్లెకి పెనాల్టీ ఇచ్చారు. అవతల గోలు వెనక రెండు ఊళ్ళూ లేచి నిలబడ్డాయి. పొడుగాటి కుర్రాడు వచ్చి కుడివైపు పైకి కొట్టాడు. బాబాయి ఎలా ఎగిరాడో నేను చెప్పలేను, వేళ్ళ చివరలు తగిలి బంతి పైకి లేచి, పై కర్రకి కొట్టుకొని, గట్టు దాటి కాలవ అంచున నీళ్ళలో పెరిగిన తూటికాడల్లో పడింది. అక్కడ దాన్ని తీసుకురావడానికి ఇంకెవరున్నారు? నేనే దిగి, పావడా తడుపుకొని, బంతి తెచ్చి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన రొప్పుతూ, "టీచరమ్మ గారికి ఎండ తగులుతోంది, గొడుగు వేసుకోమనమ్మా," అన్నాడు. అంతే అన్నాడు.

నేను వెళ్ళి ఆ మాట చెప్పాను. ఆవిడ గొడుగు విప్పబోతుండగా అవతల నుంచి పెద్ద గోల. తల తిప్పి చూస్తే మావాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. గోడా, గోడా అని అరుస్తూ, తువ్వాళ్ళు ఊపుతూ, అందరికంటే ముందు పాన్ షాపు పెదనాన్న. ఒక్క పెనాల్టీ ఆపేసరికి అందరికీ కీపరు గుర్తొచ్చాడు. టీచరమ్మ గారు గొడుగు విప్పలేదు. లేచి తూము దగ్గరికి వెళ్ళి, మూసిన గొడుగు ఆ సన్నదారికి అడ్డంగా పట్టుకొని నిలబడింది.

"ఇక్కడ చోటు లేదు బాబూ," అంది.

"అదేంటండి టీచరమ్మ గారూ, గట్టంతా ఖాళీగానే ఉందిగా," అన్నాడు పెదనాన్న రొప్పుతూ.

"ఇందాక కూడా ఖాళీగానే ఉందిరా. అప్పుడు రాలేదుగా. వెళ్ళండి, అక్కడ నీడగా ఉందన్నావుగా, అక్కడే కూర్చోండి."

వాళ్ళు కావాలంటే ఆ గొడుగుని తోసుకొని రాగలరు. కానీ వాళ్ళలో చాలామంది ఆవిడ బెత్తం తిన్నవాళ్ళు. కాసేపు గొణిగారు, మా గ్రౌండు, మా జట్టు అన్నారు. ఆవిడ కదలలేదు. చివరికి తలలు వేలాడేసుకొని పక్కలకి చెదిరిపోయారు. ఆటలో మావాళ్ళు ఎంత ప్రయత్నించినా గోలు వెయ్యలేకపోయారు. మొదటి సగంలో పడిన ఆ ఒక్క గోలుతోనే రేపల్లె కప్పు పట్టుకుపోయింది.

ఇంటికి వచ్చే దారిలో వాళ్ళు మా ముందే నడుస్తున్నారు. ఇందాక గోడా అని అరిచిన నోళ్ళే, ఆ ఒక్కటి వదలకపోతే కప్పు మనదేగా అంటున్నాయి. పెనాల్టీ ఆపడం కూడా అనుమానం రాకుండా ఆడిన నాటకమన్నాడు పెదనాన్న. నాకు ఏడుపొచ్చింది. టీచరమ్మ గారు నా చేతిలోని స్టూలు తాను తీసుకొని, వాళ్ళకి వినపడేలాగే చెప్పింది. "విన్నావా? వాళ్ళని అక్కడ కూర్చోనిస్తే ఇప్పుడు మళ్ళీ లేచి పోయేవాళ్ళు. ఒక మనిషిని ఒకే పూట రెండుసార్లు వదిలేసి పోతుంటే చూడలేక ఆపాను."

పెళ్ళి ఆగిపోతుందని వీధిలో కొందరు ఆశపడ్డారు. ఆగలేదు. మామగారు ఆ సాయంత్రమే వచ్చి, తేదీ ముందుకు జరుపుదామా అని అడిగి వెళ్ళాడు. బాబాయి మాత్రం మళ్ళీ మా ఊరి గోలుపోస్టు కింద నిలబడలేదు. మరుసటి ఏడు క్లబ్బువాళ్ళు ఇంటికి వచ్చి బతిమాలారు, పెదనాన్న సహా. బాబాయి కాఫీ ఇప్పించి, కుదరదని చెప్పి పంపాడు. ఆటో అమ్మేసి రేపల్లె వెళ్ళిపోయాడు. అక్కడ పెనుమూడి రోడ్డులో ఓ బడి గ్రౌండులో ఇప్పటికీ పిల్లలకి గోల్‌కీపింగ్ నేర్పుతుంటాడు. మా ఊరు ఒక మంచి కీపర్ని పోగొట్టుకుంది. నేను రోజూ ఇంట్లో కనపడే బాబాయిని పోగొట్టుకున్నాను. అందుకే నాకు కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

ఈ మధ్య ఆ పాత అభిమానులంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందులో తెల్లారితే బాబాయి గురించి తీపి జ్ఞాపకాలు. అది చాలదన్నట్టు అదే గ్రౌండులో సన్మానం పెట్టారు. పెద్ద ఫ్లెక్సీ వేయించారు. అందులో ఎవరో విదేశీ ఆటగాడి ఒంటికి బాబాయి తలకాయ అతికించారు. ఒక్కొక్కరూ మైకు పట్టుకొని ఆ పెనాల్టీ గురించే చెప్పారు. అందరూ ఆయన వెనకే ఉన్నారట. పాన్ షాపు పెదనాన్న ముసలివాడైపోయాడు, కానీ గొంతు తగ్గలేదు. "బంతి వచ్చి నా ఒళ్ళో పడిందయ్యా," అని గద్గదంగా చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. తూటికాడల్లో దిగి తడిసిన నా పావడా నాకు గుర్తొచ్చింది. మైకు మా నాన్న దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని ఒక క్షణం చేతిలో పట్టుకొని, ఏమీ మాట్లాడకుండా పక్కాయనకి ఇచ్చేశాడు. ఆ రోజు అక్కడ అబద్ధమాడని మనిషి ఆయనొక్కడే.

బాబాయి శాలువా కప్పించుకొని అందరికీ దణ్ణం పెట్టాడు. రేపల్లె బస్సు ఎక్కించడానికి వెళ్తూ నేను ఉండబట్టలేక, "వాళ్ళు అన్ని కోతలు కోస్తుంటే నవ్వుతూ కూర్చున్నావేంటి బాబాయ్," అని అడిగాను.

"ఆ రోజు రాలేదని వాళ్ళకి తెలుసులేమ్మా. అందుకే అంత గట్టిగా చెప్తున్నారు," అన్నాడు. ఆయన మంచితనం ఆయనది. నేను ఆయన దగ్గర పెరిగినా, చదువు నేర్చుకున్నది టీచరమ్మ గారి దగ్గర.

ఆవిడ ఇప్పుడు లేదు. ఆ స్టూలు ఎప్పుడో విరిగిపోయింది. నేను బాపట్లలో ఒక బడిలో పాఠాలు చెప్తున్నాను. కిందటేడు మా బళ్ళో కొత్తగా చేరిన పంతులమ్మ మీద, పరీక్ష పేపరు బయటికి చెప్పిందని నింద పడింది. మీటింగులో ఆ అమ్మాయి కూర్చోగానే చుట్టుపక్కల కుర్చీలన్నీ మెల్లగా దూరం జరిగాయి. నాకు వెంటనే కాలవ గట్టు కనపడింది. నా కుర్చీ ఎత్తుకొని గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిచాను. ఇన్నేళ్ళు వచ్చినా భయం వేసింది, ఆ మాట దాచను. వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుని, రెండో పక్కకి ఒక ఖాళీ కుర్చీ లాగి అందులో నా హ్యాండ్‌బ్యాగు పెట్టాను.

కొన్నాళ్ళకి ఆ నింద అబద్ధమని తేలింది. అప్పటిదాకా స్టాఫ్‌రూములోనూ ఆ అమ్మాయికి ఒక పక్క నేను, రెండో పక్క నా బ్యాగే. ఆ రోజు స్టాఫ్‌రూములోకి అందరూ స్వీటు డబ్బాలతో వచ్చారు. మాకు ముందే తెలుసమ్మా, మేమంతా నీ వెనకే ఉన్నామంటూ ఆ అమ్మాయి పక్కన కూర్చోబోయారు. కొంచెం ఆ బ్యాగు తీస్తారా మేడం అని నన్ను అడిగారు.

నేను తీయలేదు.